యంత్రం చూపిన సున్నా

బెవర హైమవతి ఆరేళ్ల వయసులో మాట్లాడటం రెండోసారి నేర్చుకుంది. ఆ ఏడు వేసవిలో అక్క రత్నానికి మెదడువాపు జ్వరం వచ్చింది. బొబ్బిలి ఆసుపత్రిలో ఇరవై రోజులుండి బతికి బయటపడింది గానీ, తొమ్మిదేళ్ల ఆ పిల్లకు తరువాత ఇక ఏ చప్పుడూ వినిపించలేదు. పిలిస్తే పలకని అక్కతో ఆడుకోవాలంటే ఏదో ఒక దారి వెతుక్కోవాలి కదా. చెల్లెలు చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. పొట్ట మీద గుప్పిట పెడితే ఆకలి. చెంపకు వేలు ఆనిస్తే అమ్మ. ఏ బడిలోనూ నేర్పని ఆ భాష వాళ్లిద్దరితో పాటే పెరిగి పెద్దదయింది.

అమ్మా నాన్నా పోయాక అక్కచెల్లెళ్లు విశాఖపట్నంలో, గోపాలపట్నం దగ్గర రెండు గదుల ఇంట్లో ఉండేవారు. రత్నం జాకెట్లు కుట్టేది. హైమవతి ఊరికి దూరంగా కొండ మీదున్న పరిశోధన కేంద్రంలో అయస్కాంత కొలతల గది చూసేది. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే రత్నం మిషను ఆపి ఎదురుగా కూర్చునేది. చేతులతో మాట్లాడాలంటే ముఖాముఖి కూర్చోవాలి, మరో దారి లేదు. నలభై ఏళ్లుగా హైమవతి ఏ చిన్న మాట చెప్పినా ఎదురుగా ఒక ముఖం ఆమె వైపే చూస్తూ ఉండేది. అదొక భాగ్యమని అప్పట్లో ఆమెకు తోచలేదు.

నాదరేణువులు ఆ కేంద్రంలోనే పుట్టాయి. కంటికి ఆననంత సన్నని లోహపు గింజలు. సూదితో లోపలి చెవిలోకి పంపితే అవి నరాల కొసలను పట్టుకుని కూర్చుంటాయి. ఒక చెవి వెనక చొక్కా గుండీ అంత బిళ్ల అతికించుకుంటే రెండు చెవులకూ సరిపోతుంది. బయటి శబ్దాన్ని ఆ బిళ్ల అయస్కాంత క్షేత్రంగా మారుస్తుంది. దానికి గింజలు వణుకుతాయి. ఒక్కో స్వరానికి ఒక్కో రకం గింజ. పాడైన చెవిని పక్కకు నెట్టి శబ్దం నేరుగా నరానికి చేరుతుంది.

డైరెక్టర్ ముక్తేశ్వర్ పన్నెండేళ్లుగా ఇదే పని మీద ఉన్నాడు. ఇక తేలవలసింది ఒక్కటే. కొన్ని లోహాలు అయస్కాంతం దగ్గర నుంచి తీసేసినా, దాని ప్రభావాన్ని కొంత తమలో దాచుకుంటాయి. ఈ గింజలు దాచుకోకూడదు. దాచుకుంటే ఒకదాన్నొకటి లాక్కుని, ముద్దకట్టి, నరాన్ని నలిపేస్తాయి.

"మిగులు సున్నా అని మీరు రాసిస్తే చాలు హైమవతిగారూ. ఆసుపత్రి వాళ్లు సిద్ధంగా ఉన్నారు" అన్నాడాయన.

హైమవతి యంత్రం మనిషెత్తు పీపాలా ఉంటుంది. లోపల ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్ట. ఆ చలిలో తీగ కరెంటుకు ఏ మాత్రం అడ్డు చెప్పదు. అందువల్ల భూమి అయస్కాంతానికి లక్ష రెట్లు మించిన క్షేత్రం పుట్టించవచ్చు. పొడిని సన్నని గొట్టంలో పెట్టి దించాలి. క్షేత్రాన్ని పైదాకా తీసుకెళ్లి, మళ్లీ సున్నాకు దించి, గింజల్లో ఏం మిగిలిందో చూడాలి. దానికన్నా ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. పొడి బదులు పెల్లేడియం అనే లోహపు ముక్కను పెట్టి, అదే దారిలో ఒకసారి నడిపించి చూసుకోవాలి. అంత పెద్ద క్షేత్రం నుంచి దిగివచ్చిన తీగచుట్టలో కొంత క్షేత్రం చిక్కుకుని ఉండిపోతుంది. అప్పుడు తెర మీద సున్నా కనిపించినా లోపల సున్నా ఉండదు. కొత్తగా చేరినవాళ్లకు హైమవతి నేర్పే మొదటి పాఠం అదే.

ఆ వారం హీలియం అడుగంటింది. పీపాలో హీలియం నింపే సింహాద్రి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. కొలకడ్డీ పైకి తీసి చూపించాడు.

"నాలుగు వేళ్లంతే ఉందండి మేడమ్. పెల్లేడియం కూడా పెడితే సాలదు. హీలియం ఓడ ఇంకా రానేదు. ఏటి సేద్దాం?"

హైమవతి గడియారం చూసింది, క్యాలెండర్ చూసింది. ఆసుపత్రి వాళ్లు ఎంచిన అరవై నలుగురి జాబితాలో ముప్పై ఒకటో పేరు బెవర రత్నం.

"ఈసారికి వద్దులెండి. పొడే పెడదాం" అంది.

మధ్యాహ్నానికి గీత వచ్చింది. క్షేత్రం పైకి వెళ్లిన దారీ, దిగివచ్చిన దారీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా సున్నా గుండా పోతున్నాయి. ఇంత శుభ్రమైన గీతను ఆమె ఎన్నడూ చూడలేదు. అంత శుభ్రంగా ఉన్నందుకే అనుమానం రావలసింది. రాలేదు. ఆ సున్నా ఆమెకు కావాలి. కాగితం కింద సంతకం పెట్టింది.

రత్నం చెవుల్లో గింజలు వేసి బిళ్ల పెట్టిన మర్నాడు, ఇంటికి రాగానే ఆమె కుట్టుమిషను తొక్కి, ఉలిక్కిపడి కాలు తీసేసింది.

"ఓలమ్మో! ఇది ఇంత గోల సేస్తదేటే? ఇన్నాళ్లూ ఒక్క ముక్క సెప్పలేదేం నువ్వు?"

హైమవతి నవ్వింది, ఏడ్చింది. అక్క గొంతు విప్పి ఇన్ని మాటలు ఒకేసారి అనగా విని నలభై ఏళ్లయింది. తొమ్మిదేళ్ల పిల్ల దగ్గర ఆగిపోయిన యాస అది, బొబ్బిలి దగ్గర పల్లె యాస. చదువుల్లో పడి హైమవతి ఎప్పుడో పోగొట్టుకున్న యాస.

మొదటి నెలల్లో ఇల్లంతా పండగే. రత్నం రేడియో కొనిపించింది. ఫోనులో మాట్లాడటం నేర్చుకుంది. విజయనగరంలో టైలరింగ్ షాపు పెట్టుకున్న పాత స్నేహితురాలు సరోజినితో రోజూ గంటసేపు కబుర్లు. ఆదివారాలు నలుగురితో కలిసి సముద్రం చూడటానికి వెళ్లేది. హోరు వినడానికే వెళుతున్నానని చెప్పేది.

హైమవతి సాయంత్రం వచ్చేసరికి వంటింట్లోంచి రత్నం గొంతు వినిపించేది. "వొచ్చీసినావా? కూర పొయ్యి మీదుంది. కూకో." స్టవ్ వైపు తిరిగి, వీపు చూపిస్తూ అనేది. వినేవాళ్లందరూ అలాగే మాట్లాడుకుంటారు. తప్పేముంది? కానీ హైమవతి చేతులు ఏదో చెప్పబోయి సగంలో ఆగేవి, చూసేవాళ్లు లేక. భోజనాల దగ్గర రత్నం రేడియో వైపు చెవి తిప్పి తినేది. పడుకునే ముందు ఒక్క పాట మాత్రం వదలకుండా వినేది. పాట అయిపోగానే బిళ్ల తీసి డబ్బాలో పెట్టి, కళ్లు మూసుకుని ముసిముసిగా నవ్వుకుంటూ పడుకునేది. అక్క సుఖంగా ఉంది. చెల్లెలికి అంతకంటే కావలసిందేముంది? తనను తాను ఇలా ఎన్నిసార్లు ప్రశ్నించుకుందో లెక్కలేదు.

పది నెలలు గడిచాక, ఫైలులో పెట్టమని ఆసుపత్రి నుంచి కొన్ని కాగితాలు కేంద్రానికి వచ్చాయి. రోగుల ఫిర్యాదులు. హైమవతి భోజనం డబ్బా విప్పుకుని, తింటూ ఊరికే తిరగేసింది. పార్వతీపురం బస్సు కండక్టర్ తవిటినాయుడు చెప్పిన మాటలను నర్సు ఉన్నదున్నట్టు రాసింది: "డూటీ దిగి బిళ్ల తీసీసినాక కూడా ఈల ఇనపడతానే ఉంటది. నాను ఆఖర్న ఊదిన ఈలే అది." కింద డాక్టరు రాసిన మాట: మానసిక ఆందోళన. ఇంకో కాగితం. జూట్ మిల్లులో పనిచేసే ఆమెకు బిళ్ల తీశాక సైరన్ వినిపిస్తోంది. మరొకామెకు పసిపిల్ల ఏడుపు. "మాట ఇనపడదు, మాట తోక ఇనపడతాది" అందట ఆవిడ. మొత్తం పదకొండు కాగితాలు. పదకొండింటిలోనూ బిళ్ల తీసేముందు చివరగా విన్న శబ్దమే.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గింజలు దాచుకుంటున్నాయి. చివరి శబ్దానికి ఒరిగిన గింజ ఒరిగినట్టే ఉండి నరాన్ని నొక్కుతోంది.

"సింహాద్రిగారూ, పెల్లేడియం పెట్టండి. ఆ రోజు పొడిని నడిపించిన దారిలోనే పెట్టండి" అంది.

పెల్లేడియానికి సొంతంగా దాచుకునే గుణం లేదు. క్షేత్రం ఎటుంటే అటు, ఎంతుంటే అంత. పైదాకా వెళ్లి దిగివచ్చి తెర మీద సున్నా చూపగానే, పెల్లేడియం కూడా సున్నా చూపాలి. చూపలేదు. వెనక్కి తిరిగి ఉంది. అంటే లోపల సున్నా లేదు. ఎదురు దిక్కులో ఇరవై ఒక్క గాస్ క్షేత్రం ఉంది. గింజలు దాచుకున్నదాన్ని చెరపడానికి కావలసింది సరిగ్గా అంతే. ముల్లు సున్నాకు రెండు గ్రాములు వెనక ఉన్న కాటాలో రెండు గ్రాముల సరుకు పెడితే ముల్లు వచ్చి సున్నా దగ్గర నిలుస్తుంది. చూసినవాడు కాటా ఖాళీ అనుకుంటాడు. యంత్రం తప్పూ గింజల తప్పూ ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. ఆ రెండింటి మీదా హైమవతి సంతకం ఉంది.

అది తెలిసిన క్షణంలో ఆమె గుండెల్లో భయం లేచింది. భయం వెనకే మరొకటి కూడా లేచింది. గింజలు తీసేస్తే అక్క మళ్లీ ఎదురుగా కూర్చుంటుంది. అది సంతోషమే. చిన్నదే కావచ్చు, కానీ సంతోషమే. హైమవతి సిగ్గుతో కుర్చీలోంచి లేచి, వరండాలోకి వెళ్లి ఎండలో నిలబడింది.

ఇక తన కంటిని తను నమ్మలేకపోయింది. మొదటిసారి సున్నా కావాలనుకుంది, సున్నా కనబడింది. ఇప్పుడు ఏం కావాలనుకుంటోంది? మర్నాడు పెల్లేడియాన్నీ, పొడినీ, ఉత్త గొట్టాన్నీ విడివిడిగా కట్టి, వాటి మీద అంకెలు మాత్రం వేసి సింహాద్రికి ఇచ్చింది. ఏది ఏదో చెప్పలేదు. ప్రతిదాన్నీ తెర మీది సున్నా దగ్గర ఒకసారి, ఆ ఇరవై ఒక్క గాస్ సరిదిద్ది మరోసారి కొలవమంది. తను గదిలోకి అడుగు పెట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం సింహాద్రి కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"తెర సున్నా కాడ రెండోది వెనక్కి తిరుగుతాందండి. సరిదిద్దితే మూడోదాంట్లో మిగులుంది. ఏటండి ఇవి?"

"మూడోది అక్క చెవిలో ఉన్నదండీ" అంది హైమవతి.

సింహాద్రి కాగితాలు బల్ల మీద పెట్టాడు. మెడలోని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "హీలియం సాలదని నాను ఆ రోజు అనకుండా ఉండాల్సింది" అన్నాడు చివరికి.

"మీరు అడిగారు. వద్దన్నది నేను."

ముక్తేశ్వర్ కాగితాలు రెండుసార్లు చదివాడు. చెడ్డవాడేమీ కాదు.

"ఆరు నెలలు ఆగుదాం హైమవతిగారూ. కొత్త గింజలు చేస్తున్నాం. అవి వచ్చాక ఇవి మార్చేద్దాం. ఇప్పుడు చెబితే అంతా ఆగిపోతుంది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు కదా."

"పదకొండు మందికి స్కానింగ్ తీయించానండీ. ఏడుగురికి ముద్దలు కట్టాయి. ఆరు నెలలు ఆగితే నరం ఉండదు. నరం పోయాక కొత్త గింజలు ఎక్కడ పెడతారు?"

"పెల్లేడియం చూడకపోవడం మీ పొరపాటు. బయటపడితే ముందు మీ పేరే వస్తుంది. అది ఆలోచించారా?"

"అందుకే నేనే రాస్తాను" అంది హైమవతి.

ఆ పూటే ఆసుపత్రి పర్యవేక్షణ సంఘానికి ఉత్తరం రాసింది. ఏ రోజు ఏం చేయలేదో, ఎందుకు చేయలేదో, అక్క పేరు జాబితాలో ఉన్న సంగతితో సహా రాసింది. ఉత్తరం పంపి, సెలవు పెట్టి మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది.

రత్నం మిషను మీద జాకెట్టు చేతులు అతుకుతోంది. రేడియో మోగుతోంది. హైమవతి ఎదురుగా స్టూలు వేసుకుని చేతులెత్తింది.

"నోటితో సెప్పు. సేతులు కాలీ లేవు నాకు" అంది రత్నం తలెత్తకుండా.

హైమవతి చెప్పింది. యంత్రం సంగతి, తన సంతకం సంగతి, గింజలు తీసేయవలసిన సంగతి. మధ్యలో మిషను ఆగింది. రత్నం కత్తెర తీసి దారం తెంచింది.

"నాకు తెల్సు" అంది.

"ఏం తెలుసు?"

"బిళ్ల తీసినాక ఉంటాదని. మొదట్రోజు నుంచీ తెల్సు. అందుకే పాట ఇని తీసేదాన్ని. తెల్లారేదాకా ఆ పాట తోక నాకాడే ఉండీది. మొన్న వాన ఉంచుకున్నాను. కిటికీ కాడ కూకుని, వాన ఇని, తీసీసినాను. డాక్టరమ్మకి సెప్తే లాక్కుంటారని సెప్పలేదు."

"ముందే చెప్పి ఉంటే ఇంత దూరం, నరం మీదికి వచ్చేది కాదు అక్కా!"

"నలబై ఏళ్లు సప్పుడు లేకుండా బతికినదాన్ని. నిద్దట్లో వాన ఇనపడితే ఎవులన్నా ఒద్దంటారేటే?" రత్నం లేచి నిలబడింది. "నీకు సంతోసమే కదా? నాను మళ్లీ సెవిటిదాన్నయి నీ మొగం సూసుకుంటా కూకోవాల. నాను పోన్లో మాటాడితే నీ మొగం ఎలాగుంటదో నాను సూడలేదనుకున్నావా? నీకు అదే కావాల. ఔనా, కాదా?"

"అబద్ధం!"

తన గొంతు అంత పెద్దగా లేవగలదని హైమవతికే తెలియదు. కిటికీ రేకు అదిరింది. అదే క్షణంలో రత్నం చెవి వెనక చెయ్యి పెట్టి బిళ్ల ఊడబెరికి గోడకేసి కొట్టింది.

మర్నాడే ఆసుపత్రి వాళ్లు అందరికీ కబురు పెట్టారు. ఎవరూ బిళ్ల పెట్టుకోవద్దు, పెట్టుకున్న ప్రతిసారీ ముద్దలు పెరుగుతాయి, వరసగా పిలిచి గింజలు తీస్తాం. రత్నం వంతు పంతొమ్మిది రోజుల తరువాత. మళ్లీ బిళ్ల పెడితే తప్ప ఆ చివరి శబ్దం చెరగదు. బిళ్ల పెట్టడానికి లేదు.

ఆ పంతొమ్మిది రోజులూ రత్నం చెల్లెలి వైపు చూడలేదు. హైమవతి ఎదుటకు వెళ్లి చేతులెత్తితే ముఖం తిప్పుకునేది. నోరు కూడా మెదపలేదు. రేడియో మూలన పడి ఉంది. మిషను చప్పుడు హైమవతికి ఒక్కదానికే వినిపించేది. నాలుగో రోజు టిఫిను గిన్నె కింద ఒక కాగితం దొరికింది, జాకెట్టు కొలతలు రాసుకునే పుస్తకంలోంచి చింపిన ముక్క. "నీ అరుపు ఆగలేదు. మిషను తొక్కినా ఆగదు" అని ఉంది. హైమవతి ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఎవరికి చెప్పుకుంటుంది? ఇన్నేళ్లలో ఆమె ఏ కష్టమైనా చెప్పుకున్న మనిషి ఒక్కతే. ఆమె పక్కగదిలోనే ఉంది.

గింజలు తీయడం అందరికీ ఒకేలా జరగలేదు. అరవై నలుగురిలో ఇద్దరు రానే రాలేదు. వచ్చినవాళ్లలో నలభై తొమ్మిది మందికి నరం దక్కింది. ఎప్పుడైనా మంచి గింజలు తయారైతే వాళ్లకు మళ్లీ పెట్టవచ్చు. పదమూడు మందికి ఇక ఆ ఆశ లేదు. తవిటినాయుడు నరం దక్కినవాళ్లలో ఉన్నాడు. ఆసుపత్రి మెట్ల మీద హైమవతి క్షమాపణ కాగితం మీద రాసి చూపిస్తే, అదే కాగితం వెనక ఇలా రాశాడు: "నాకు పిచ్చి కాదని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మా ఇంట్లో చూపించాలి." ఆమె రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. కేంద్రంలో ఆమెను కొలతల గది నుంచి తప్పించలేదు. ప్రతి కాగితం మీద రెండో సంతకం ఉండాలని మాత్రం నియమం పెట్టారు. ఆ నియమం అడిగి పెట్టించుకుంది ఆమే. ముక్తేశ్వర్ ఎదురుపడితే తల పంకించేవాడు, మాట్లాడేవాడు కాదు.

రత్నానికి ఎడమ చెవి నరం పోయింది. కుడి చెవి నరం దక్కింది.

గింజలు తీసిన పూట ఆమెకు మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి మంచం మీదికి ఎండ పడుతోంది. హైమవతి మంచం పక్కన నిలబడి ఉంది. రత్నం ఆమెను చూసింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు. తల చుట్టూ కట్టు ఉండటం వల్ల తిప్పుకోలేకపోయిందేమో, హైమవతికి తెలియలేదు. తెలుసుకోవడానికి ఆగలేదు. ఇరవై రోజులుగా నోట్లో నలుగుతున్నది చేతులతో చెప్పేసింది.

"ఆ రోజు నువ్వన్నది అబద్ధం కాదు. అంతా నిజం కాదు గానీ, కొంత నిజం. నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది."

రత్నం దుప్పటి కింద నుంచి చేతులు బయటికి తీసింది. ఒక చేతికి సెలైన్ సూది ఉంది. అందుకని నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"తెలుసు. పంతొమ్మిది రోజులు విన్నాను కదా. ఒక్కసారి వింటే కోపం అనుకునేదాన్ని. అన్నాళ్లు వింటే అందులో ఏముందో తెలిసిపోయింది."

"ఏముంది?"

రత్నం చేతులు కాసేపు గుండె మీద ఆగాయి. మళ్లీ లేచాయి.

"సరోజిని వస్తోంది. ఇక్కడి నుంచి వాళ్లింటికే వెళతాను. దాని షాపులో పని ఉంది."

"ఎన్నాళ్లు?"

"నీ మీద కోపం లేదు. కానీ ఇప్పుడే ఆ ఇంట్లో కూర్చోలేను. వాన పడుతుంది, నాకు తెలియదు. నువ్వు వింటావు. అది చూడలేను."

హైమవతి చేతులు ముందుకు చాచింది. చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే పోగు చేసుకుంటోంది. కానీ మందు మత్తు ఇంకా వదలలేదు. రత్నం మాట ముగించి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని కళ్లు మూసుకుంది.

ఆమె కళ్లు మూసుకుంటే ఇక ఆమెకు ఏమీ చెప్పడానికి వీలుండదు. హైమవతి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, అక్క కళ్లు తెరుచుకునే దాకా చూస్తూ ఉండిపోయింది.